పది మీటర్ల వైరు

హైమ సాలూరు బస్టాండులో దిగేసరికి వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదు. చేతిలో ఉన్న ఫైలు తలమీద పెట్టుకుని, బైపాస్ రోడ్డు పక్కనున్న లారీ షెడ్ల వైపు నడిచింది. ఎక్కడైనా చూరు కింద నిలబడవచ్చు. కానీ ఆమెకి అప్పుడు వానకన్నా కోపం ఎక్కువగా ఉంది.

ముందురోజు ఒక ఫోను వచ్చింది. "సాలూరు లారీ షెడ్డు నుంచి ధర్మేంద్రనండి. మీ లైట్లు తొమ్మిది కాలిపోయాయండి. వచ్చి సూసుకోండి," అని ఒక మగగొంతు చెప్పి పెట్టేసింది.

ఆ లైట్లు హైమ తయారుచేసినవి. రాజాంలో వాళ్ళ నాన్న భీమశంకరరావుకి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. ఆమె ఇంజనీరింగ్ అక్కడే చదివి, హైదరాబాదులో రెండేళ్ళు సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసి, ఆ ఉద్యోగం మానేసి తిరిగొచ్చింది. దుకాణం మీద గదిలో ఈశ్వరి అనే అమ్మాయిని తోడు పెట్టుకుని లారీల కోసం హెచ్చరిక దీపాలు చేయడం మొదలుపెట్టింది. ఘాట్‌రోడ్డు మీద లారీ ఆగిపోతే, డ్రైవరు ఆ దీపం ప్లగ్గుని లారీ వెనక సాకెట్‌లో గుచ్చి, పది మీటర్ల వైరు లాక్కుంటూ వెళ్ళి రోడ్డుమీద పెడతాడు. ఎర్రగా మిణుకుమిణుకుమంటుంది. వెనక వచ్చేవాళ్ళకి మలుపు దగ్గర్నుంచే కనిపిస్తుంది. అప్పటికి రెండు వందల నలభై అమ్ముడయ్యాయి.

షెడ్డులో ఒక లారీ కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"ధర్మేంద్ర అంటే ఎవరండీ?"

"నానే. సెప్పండి," అన్నాయి కాళ్ళు.

"రాజాం నుంచి వచ్చాను. లైట్ల గురించి."

"మీ సారు రాలేదేటి?"

"ఏ సారు?"

"లైటు సేసినాయన."

"చేసింది నేనే."

కాళ్ళు కాసేపు కదల్లేదు. తర్వాత మనిషి బయటికి జరిగి లేచి నిలబడ్డాడు. ముప్పై లోపు ఉంటాయి. నుదుటిమీద గ్రీజు మరక. ఆమె తడిసిన జుట్టు చూసి, మూలనున్న సంచిలోంచి నూలుపీచు తీసి ఇచ్చాడు.

"తుడుసుకోండి. కొత్తదే."

ఇంజన్లు తుడిచే పీచుతో తల తుడుచుకోమన్న మనిషిని హైమ అంతవరకూ చూడలేదు. తీసుకోలేదు.

"ప్లస్సూ మైనస్సూ తిరగేసి కనెక్షన్ ఇచ్చుంటారు. అందుకే కాలిపోయాయి."

"పదకొండేళ్ళబట్టీ లారీల వైరింగు సేస్తన్నాను మేడం. నాకు ఎరుపూ నలుపూ తెలీదంటారేటి?"

"నేనలా అనలేదు."

"మరేటన్నారు?"

అతను ఒక దీపాన్ని విప్పి బల్లమీద పెట్టాడు. "ఇలగ సూడండి. తిరగేసి ఇచ్చినా ఏటీ కాకుండా మీరే ఓ డయోడు ఎట్టారు. అది శుబ్బరంగా ఉన్నాది. దానెనక చిప్పు పగిలిపోయింది. తొమ్మిదింట్లోనూ ఇంతే."

హైమ వంగి చూసింది. నిజమే. లారీ బ్యాటరీ ఇచ్చే ఇరవై నాలుగు వోల్టుల్ని తగ్గించి దీపానికి కావలసినంతే పంపే రెగ్యులేటర్ చిప్పు అది. గోరులో సగం ఉంటుంది. నలభై వోల్టుల దాకా తట్టుకుంటుందని దాని కాగితాల్లో రాసి ఉంది. లారీ ఇంజను తిరుగుతున్నప్పుడు కూడా ఇరవై ఎనిమిది దాటదు. అలాంటిది నడుమ పగిలి నల్లగా ఉంది.

"ఎలిగి ఎలిగి పోవట్లేదండి," అన్నాడు ధర్మేంద్ర. "పోతే ప్లగ్గు గుచ్చిన నిమిషంలోనే పోతాది. ఒకసారి ఎలిగిందంటే మరి తెల్లార్లూ ఎలుగుతాది."

ఆమె కాలిపోయిన తొమ్మిదింటినీ సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ నూలుపీచు కూడా తీసుకుంది. వాన తగ్గలేదు మరి.

రాజాంలో నాలుగు రోజులు పరీక్షలు చేసింది. కొత్త దీపాలని వందసార్లు వెలిగించి ఆర్పింది. ఒక్కటీ పోలేదు. ఐదో రోజు ధర్మేంద్రకి ఫోన్ చేసింది.

"ఇక్కడ అన్నీ బాగానే పనిచేస్తున్నాయి."

"ఇక్కడ ఇంకో రెండు పోయాయండి."

"అయితే మీ లారీల్లోనే ఏదో ఉంది."

"అన్ని లారీల్లోనూ ఒకే దెయ్యం ఉంటాదేటి?" అన్నాడు ధర్మేంద్ర. "ఒక్క మాట సెప్పనా? అసిరయ్య మావని ఒకాయన ఉన్నాడు. రాయపూర్ లైను డ్రైవరు. వైరు కాళ్ళకి తగులుతోందని కత్తిరించేసి రెండు మూరలు సేసుకున్నాడు. మూడు నెలలబట్టీ ఆయన లైటు పోలేదు. ఆయన సూసి ఇంకో నలుగురు కత్తిరించారు. ఆళ్ళవీ పోలేదు."

"వైరు పొడుగుకీ చిప్పుకీ సంబంధం ఏముంటుందండీ?"

"నాకేటి తెలుసు? మీరే కదా ఇంజనీరు."

ఫోను పెట్టేశాక హైమ తన బల్ల వైపు చూసింది. తను పరీక్షలు చేసిన వైరు అరమీటరు. పైగా స్విచ్చు వేసి వెలిగిస్తోంది. ఆ పవర్ సప్లై వోల్టేజిని మెల్లగా పైకి తెస్తుంది. లారీ దగ్గర అలా జరగదు. అక్కడ ప్లగ్గు నేరుగా కరెంటున్న సాకెట్‌లోకే వెళ్తుంది.

మర్నాడు కాలేజీకి వెళ్ళి, తనకి పాఠాలు చెప్పిన నారాయణమూర్తి గారిని బతిమాలి ఆసిల్లోస్కోపు తీసుకుంది. వోల్టేజి ఎలా పెరిగి తగ్గుతుందో తెరమీద గీతగా చూపించే యంత్రం అది. దాన్ని తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బొబ్బిలి మీదుగా సాలూరు బస్సులో వెళ్ళింది. రెండు గంటల్లో పక్కన కూర్చున్నామె మూడుసార్లు "పాపేటి తల్లీ?" అని అడిగింది.

షెడ్డులో ఇంజను తిరుగుతున్న లారీకి పది మీటర్ల వైరు తగిలించారు. ఆ కొసన దీపం, దానికి యంత్రం.

"గుచ్చండి," అంది హైమ.

ధర్మేంద్ర గుచ్చాడు. తెరమీద గీత ఒక్కసారి నిటారుగా లేచి, అటూ ఇటూ ఊగి, ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

"ఎంత ఎగిరింది?" అన్నాడతను.

"నలభై ఎనిమిది."

పైన రేకుల మీద వాన పడుతోంది.

"వైరులో ఒక్కసారిగా పరుగెత్తిన కరెంటు, చివరనున్న చిన్న కెపాసిటర్ నిండాక కూడా వెంటనే ఆగదు," అంది హైమ, తనకే చెప్పుకుంటున్నట్టు. "ఆ ఊపు వోల్టేజిని పైకి తోసేస్తుంది. వైరు ఎంత పొడుగైతే ఊపు అంత ఎక్కువ. కరెంటు ఉండగానే ప్లగ్గు గుచ్చితే వస్తుందిది. హాట్ ప్లగింగ్ అంటారు. పుస్తకంలో చదివాను కూడా. నా దీపానికే వస్తుందనుకోలేదు."

"ముందు స్విచ్చు ఆపి గుచ్చమంటే?"

"డ్రైవర్లు ఆపుతారా?"

"ఘాటీ మీద బండి ఆగిపోతే స్విచ్చెక్కడని ఎతుకుతారేటండీ?"

"మరి అడిగారెందుకు?"

"మీరేటంటారో సూద్దామని," అన్నాడు ధర్మేంద్ర. నవ్వలేదు గానీ కళ్ళల్లో ఏదో కదిలింది. హైమ తెరవైపు తిరిగిపోయింది.

అతను వెనక గదిలోకి వెళ్ళి ఒక పాత టేపురికార్డరు తెచ్చి విప్పాడు. "పాత లారీల్లో పాటల డబ్బా ఇది. కరెంటు లోపలికొచ్చే కాడ బొటనేలంత కెపాసిటరు ఉన్నాది సూడండి. ఇది పీకేసి నడిపితే నాలుగు రోజుల్లో లోపల ఏదోటి పోయీది. ఎందుకో నాకు తెలీదు."

హైమ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు. తన మొదటి డిజైన్‌లో అదీ ఉండేది. దీపం లావుగా కనిపిస్తోందని తీసేసి, బియ్యపుగింజంత సెరామిక్ కెపాసిటరు ఒకటే ఉంచింది. చిన్నదానికి లోపల రెసిస్టెన్స్ దాదాపు ఉండదు, అందుకే ఊపు ఆగదు. పెద్దదానికి కొంచెం ఉంటుంది. ఆ కొంచెమే ఊపుని తినేస్తుంది.

దాన్ని కొత్త దీపంలో పెట్టి టంకం పెట్టింది. అతను గుచ్చాడు. ముప్పై రెండు.

యాభైసార్లు గుచ్చారు. ఒక్కసారి కూడా ముప్పై మూడు దాటలేదు.

"మీరేం చదివారు?" అంది హైమ.

"ఐటీఐ."

"కాలేజీ నాలుగేళ్ళలో నాకెవరూ దీన్ని ఇలా చూపించలేదు."

"మీరు ఆళ్ళనెప్పుడైనా టేపురికార్డరు ఇప్పమన్నారేటి?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. టీ వచ్చింది. అతని గ్లాసులో ఈగ పడితే తన గ్లాసు అతని వైపు జరిపింది. ఎందుకు జరిపిందో ఆమె ఆలోచించలేదు. బస్సెక్కాక ఆలోచించింది.

తర్వాత పదిరోజులు ఫోన్లు నడిచాయి. దాదాపు అన్నీ దీపాల గురించే. ఈ పెద్ద కెపాసిటరుకి తోడు, వోల్టేజి మరీ ఎగిరితే ఆ దెబ్బ తనమీద వేసుకునే ఇంకో డయోడు కూడా పెడుతున్నానని హైమ చెప్పింది. భోంచేశారా అని అతను అడిగాడు. ఇంతలో ఒక లారీ ఓనర్ల సంఘం ఐదు వందల దీపాలకి ఆర్డరు ఇచ్చేలా ఉందని ఆమె చెప్పింది.

"మరి పాతవి?" అన్నాడు ధర్మేంద్ర. "రెండొందల నలభై బయట తిరుగుతన్నాయి కదా."

"ఆర్డరు ఖాయం అవనివ్వండి, ఒక పదిరోజులు టైం ఇవ్వండి. తర్వాత మెల్లగా అన్నీ మార్చేస్తాను. ఇప్పుడే పాడైపోతాయని చెబితే కొత్తవి ఎవరు కొంటారు?"

అతను ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకుంది.

మూడోరోజు సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ఆర్డరు లేదు. ఎందుకని అడిగితే డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఒక వాయిస్ మెసేజ్ పంపారు. అందులో ధర్మేంద్ర గొంతు. "డ్రైవరు బావలందరికీ సెప్తన్నాను. పది మీటర్ల వైరున్న ఎర్రలైటు నమ్మకండి. గుచ్చినప్పుడే పోతాది. సుంకి ఘాటీలో మంచు పడతన్నాది. బండి ఆగితే రాళ్ళూ సెట్ల రొట్టలూ పెట్టుకోండి."

హైమ మొదటి బస్సుకి సాలూరు వెళ్ళింది. షెడ్డులో ముగ్గురు డ్రైవర్లు ఉన్నా ఆగలేదు.

"నన్నడగకుండా ఎలా పెట్టావు?" కోపంలో 'మీరు' పోయింది.

"అడిగితే వద్దంటారని."

"నాకు పదిరోజులు టైం కావాలన్నాను!"

"మంచు పదిరోజులు ఆగదండి." అతని గొంతు పెరగలేదు. "లైటు లేపోతే డ్రైవరు రాళ్ళెట్టుకుంటాడు, సెట్టుకొమ్మ ఇరిసి ఎట్టుకుంటాడు. లైటుంటే దాన్ని నమ్మీసి బండి కిందకి దూరతాడు. అది ఆరిపోయిందని ఆడికి తెలీదు. ఎనకొచ్చేవోడికీ తెలీదు."

ముగ్గురు డ్రైవర్లూ హైమ వైపే చూస్తున్నారు. అందులో ఒకాయన నెరిసిన మీసాలాయన, అసిరయ్య. "కూకోమ్మా," అని స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బస్సు బొబ్బిలి దాటేవరకూ అతన్ని తిట్టుకుంది. బొబ్బిలి దాటాక తిట్టడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. అప్పుడు ఫోను తీసి, కిటికీ వైపు తిరిగి రికార్డు చేసింది.

"నా పేరు హైమ. ఆ ఎర్రలైటు చేసింది నేనే. ధర్మేంద్ర గారు చెప్పింది నిజం. తప్పు డ్రైవర్లది కాదు, నాది. లైటు సాలూరు షెడ్డులో ఇవ్వండి, బాగుచేసి ఇస్తాను. అంతవరకూ వాడకండి. ఇది నా నంబరు."

ధర్మేంద్రకి పంపి, కింద ఒక్క ముక్క రాసింది: గ్రూపులో పెట్టండి.

ఆమె ఇల్లు చేరేలోగా పదిహేడు ఫోన్లు వచ్చాయి. పద్దెనిమిదోది దుకాణానికి వచ్చింది. భీమశంకరరావు ఎత్తాడు. అంతా విని, రిసీవరు పెట్టి, కూతురి వైపు తిరిగాడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"సర్దేద్దామనుకున్నాను నాన్నా."

"మన దుకాణంలో ఒక్క స్విచ్చు పాడైనా నేనేం చేస్తానో చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా." అంతకన్నా తిట్టలేదు. ఆమెకి అదే ఎక్కువైంది. "ఎన్నున్నాయి?"

"రెండు వందల నలభై."

"రేపు నేనూ వస్తాను."

అలా రెండు వారాలు షెడ్డులో బల్ల వేశారు. ఈశ్వరి దీపాలు విప్పుతుంది, హైమ టంకం పెడుతుంది, ధర్మేంద్ర ఒక్కొక్కటీ ఇరవైసార్లు లారీకి గుచ్చి చూస్తాడు. భీమశంకరరావు వచ్చిన ప్రతి డ్రైవరు పేరూ కాగితం మీద రాస్తాడు. నాలుగోరోజు ఒక డ్రైవరు దీపం బల్లమీద విసిరి, "ఆడగుంటలు సేసిన లైటు కొన్నాం సూడు, మమ్మల్ననాలి," అని అరిచాడు. ధర్మేంద్ర లేవబోయాడు. భీమశంకరరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉండు బాబూ. అమ్మాయి చెప్తుంది."

హైమ లేచి నిలబడి ఏం తప్పు జరిగిందో, ఏం మార్చిందో చెప్పింది. ప్లగ్గు ఆ డ్రైవరు చేతికే ఇచ్చి, మీరే గుచ్చండి అంది. అతను పదిసార్లు గుచ్చాడు. పదకొండోసారి విసుగొచ్చి మానేసి, టీ తాగి వెళ్ళాడు.

ఆ వారంలోనే మబ్బుగా ఉన్న ఒక ఉదయం, ఘాటీలో మూడో మలుపు దగ్గర ఒక లారీ ఆగిపోయింది. డ్రైవరు దీపం గుచ్చితే వెలగలేదు. అయితే అతను ముందే రొట్టలు నరికి రోడ్డుమీద పరిచాడు. వెనక వచ్చిన బస్సు ఆ రొట్టల దగ్గర ఆగింది. బస్సులో నలభై మంది ఉన్నారు. ఆ సంగతి అసిరయ్య వచ్చి చెప్పాడు. హైమ టంకం పెట్టడం ఆపి చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ధర్మేంద్ర దగ్గరికి వెళ్ళింది.

"ఆరోజు నేను అరవకుండా ఉండాల్సింది."

"అరిసినా పంపారు కదా మెసేజీ," అన్నాడతను. "ఆ గొంతు నాను పదిసార్లు ఇన్నాను."

"తప్పులేమైనా మాట్లాడానా?"

"లేదు. ఊరికే ఇన్నాను."

కాగితాలు రాసుకుంటున్న భీమశంకరరావు తల ఎత్తలేదు. కానీ ధ్యాస ఇటే ఉండడంతో, ఆ రోజు రాసిన జాబితాలో ఒక డ్రైవరు పేరు రెండుసార్లు వచ్చింది.

ఇంటి దగ్గర హైమ తల్లి కమలాదేవి భర్తకి వడ్డిస్తూ అడిగింది. "పిల్ల ముఖం చూస్తున్నారా? ఆ ధర్మేంద్ర వాళ్ళు మనవాళ్ళు కాదు కదండీ. వ్యవసాయం వాళ్ళు."

"కాదు."

"మరి?"

"చూస్తున్నాను," అన్నాడు భీమశంకరరావు.

రెండు వందల ముప్పై తొమ్మిది దీపాలు తిరిగొచ్చాయి. ఆఖరిది ఒరిస్సా లోపలికి పోయిన ఒక లారీలో ఉంది. మూడు వారాల తర్వాత అది సుంకి దగ్గర ఆగుతుందని, కిందికి రాకుండా అటునుంచి అటే వెళ్ళిపోతుందని కబురొచ్చింది. హైమ, ధర్మేంద్ర మోటారుసైకిల్ మీద ఘాటీ ఎక్కారు. పైన మంచు ఎంత దట్టంగా ఉందంటే లారీ హారను వినిపించాకే లారీ కనిపించింది. డ్రైవరు దీపం ఇచ్చి టీ కొట్టుకి వెళ్ళాడు. హైమ లారీ మెట్టుమీద కూర్చుని, లారీ బ్యాటరీతోనే సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, పని మొదలుపెట్టింది. ధర్మేంద్ర గొడుగు పట్టుకున్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

"ఇదే ఆఖరుది," అన్నాడు.

"ఊ."

"రేపటినుంచి మరి సాలూరు రారు."

"రావడానికి పనుండాలిగా."

"పని కావాలంటే సూపిస్తాను. షెడ్డులో డైనమోలున్నాయి, సెల్ఫు మోటార్లున్నాయి..."

"నేను డైనమోల కోసం వచ్చేదాన్నా?"

"మరేటి కోసమొచ్చేవారు?"

హైమ ఐరన్ పక్కన పెట్టింది. "ధర్మేంద్రా, వైర్ల సంగతి నువ్వు ఇట్టే కనిపెడతావు. ఇదెందుకు కనిపెట్టలేవు?"

కోపం లేకుండా ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అతను గొడుగు తన వైపు వంగిపోయిందని కూడా గమనించలేదు. ఆమె తడుస్తోంది.

"కనిపెట్టాను," అన్నాడు చివరికి. "సెప్పడానికే బయం."

"దేనికి?"

"నువ్వు కాదన్నావనుకో. సాలూరులో ప్రతి లారీకీ నీ లైటుంది. నాను సేసే పని లారీల మీదే. ఏ బండి ఇప్పినా నువ్వే గుర్తొస్తావు. తప్పించుకోడానికి సోటుండదు."

"కాదనను," అంది హైమ. "గొడుగు సరిగ్గా పట్టుకో."

అతను పట్టుకున్నాడు. ఆమె మిగిలిన టంకం పూర్తిచేసింది. ఇరవైసార్లు గుచ్చి చూశారు. డ్రైవరు టీ తాగి వచ్చి, దీపం తీసుకుని, లారీతో మంచులోకి వెళ్ళిపోయాడు.

అప్పుడే ఫోను మోగింది. భీమశంకరరావు.

"అయిందా అమ్మా?"

"అయింది నాన్నా. ఆఖరుది కూడా అయిపోయింది. ఇంకో మాట చెప్పాలి..."

"తెలుసు. ఆ అబ్బాయికి ఫోనివ్వు."

ధర్మేంద్ర చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఫోను తీసుకున్నాడు.

"బాబూ, మీ నాన్నగారు, జగన్నాధం గారు, ఇంటి దగ్గర ఎప్పుడుంటారు?"

"పొద్దంతా పొలంలోనే ఉంటారండి. పొలం మోటారు పనేటైనా ఉందాండి?"

"మోటారు కాదు బాబూ," అన్నాడు భీమశంకరరావు. "మా ఆవిడా నేనూ వచ్చి, మీ అమ్మగారితోనూ నాన్నగారితోనూ మాట్లాడదామని."

ధర్మేంద్ర ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. అటునుంచి "హలో, హలో" అని వినిపించింది. అప్పుడు ఏదో చెప్పి ఫోను తిరిగిచ్చాడు.

"ఏమన్నారు?" అంది హైమ.

"మా నాన్న ఇంటి కాడ ఎప్పుడుంటారని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"బుదవారం ఉంటారన్నాను."

"ఈరోజు మంగళవారం కదా."

అతను ఆమె వైపు చూశాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

"ఏటి, తొందరైపోయిందా?" అన్నాడు కంగారుగా. "ఇంకో వారం సెప్పనా?"

"వద్దు," అంది హైమ. "పద, కిందకి దిగుదాం. మీ అమ్మకి ఇప్పుడే చెప్పకపోతే, రేపు మావాళ్ళొచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు."